పాలు పొంగిన బడి

ఇసకలపాలెంలో పెళ్ళిపందిరి వెయ్యాలన్నా రెండు రోజులు పడుతుంది. గుంజలు పాతడానికి ఇద్దరు, తాటాకులు పరచడానికి ఇద్దరు, పక్కన నిలబడి సలహాలివ్వడానికి పదిమంది కావాలి. అలాంటి ఊళ్ళో పొద్దున్న లారీ మీద వచ్చిన బడి సాయంత్రానికల్లా నిలబడిపోయిందంటే కళ్ళారా చూసినవాళ్ళు కూడా నమ్మలేదు. నమ్మనివాళ్ళు గోడల్ని పిడికిలితో గుద్ది చూశారు. చెయ్యి నొప్పెట్టాక నమ్మారు.

అంతకు ముందు ఏడు వచ్చిన తుఫాను పాత బడి పైకప్పును ఎత్తుకెళ్ళి జీడితోటల్లో పారేసింది. మిగిలిన గోడలు నాని ఒరిగిపోయాయి. అప్పటినుంచి పిల్లలు వలలు బాగుచేసే పాకలో, ఎండుచేపల వాసనలో ఎక్కాలు చదువుతున్నారు. శ్రీకాకుళం తీరం పొడుగునా అదే కథ. ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ పోతే ఇప్పటి ఒకటో తరగతి పిల్లల మనవలు చదువుకుంటారేమో ఆ బళ్ళలో అని హైమవతి టీచరు అంటూ ఉండేది. ఆ ఊరి బడిలో చిన్న తరగతులన్నీ ఆవిడవే. ఆవిడ నోటికి ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు, ఆవిడ తమ్ముడు కిరీటి తప్ప.

కిరీటి విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో సూక్ష్మజీవుల మీద పనిచేస్తాడు. ఈ బడిని ఒక్క రోజులో నిలబెట్టిన పొడి అతను తయారుచేసిందే. పేరు అల్లిక. మొదటి బడి అక్క ఊళ్ళోనే కట్టాలని పట్టుబట్టి లారీతోపాటు తనూ వచ్చాడు.

"ఇవేట్రా, అప్పడాల్లా ఉన్నాయి?" అంది హైమవతి, లారీలోంచి దింపుతున్న పలకల్ని చూసి. వరి ఊకను నొక్కి చేసిన పలకలవి. నలుగురు మోస్తే గోడంత పలక గాలిలో తేలినట్టు వచ్చేస్తోంది.

"చూస్తూండు," అన్నాడు కిరీటి. రెండు పలకల్ని అంచుకు అంచు చేర్చి, మధ్య గాడిలో బూడిదరంగు పొడి పోసి, జీడితోటలకు మందు కొట్టే స్ప్రేయరుతో నీళ్ళు చిమ్మాడు. కాసేపటికి గాడిలో సన్నగా నురగ లేచింది. భోజనాలు చేసి వచ్చేసరికి నురగ లేదు, రాయి ఉంది. "ఈ పొడిలో ప్రాణం ఉందక్కా. నీళ్ళు తగిలితే లేస్తుంది. పక్కనే పెట్టిన మేత తింటుంది. తిన్నదాన్ని రాయి చేసేస్తుంది. మేత అయిపోగానే పడుకుంటుంది. పడుకున్నా పట్టు వదలదు. గోడ పగిలితే మళ్ళీ కాస్త మేత పెడితే చాలు, లేచి అతికిస్తుంది."

"మేత దానంతటది వెతుక్కుంటేనో?"

"దాని మేత ఒకే ఒక్క రకం చక్కెర. అది మా లాబ్‌లో తప్ప దొరకదు. ఉప్పునీళ్ళు, పేడ, చేపల నీచు, గంజి, సాంబారు, ఆఖరికి పసిపిల్లల ఉచ్చ కూడా పోసి చూశాం. కన్ను తెరవలేదు."

"సాంబారు కూడా పోశారా? మీ లాబ్‌లో మీరు తినేది ఏటి మరి?" అని నవ్వింది హైమవతి. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు కదా, కిరీటికి ఆ గోడలంటే అలా ఉంది. గడపలు మామూలుకంటే ఎత్తుగా, మోకాలి దాకా పెట్టించాడు, వరద నీళ్ళు లోపలికి రాకుండా. కిటికీలు పైకి పెట్టించాడు, సముద్రపు గాలికి ఇసుక కొట్టకుండా. అన్నిటికీ బిగుతుగా మూసుకునే తలుపులు.

సాయంత్రం ఊరంతా వచ్చింది. కొత్త ఇంట్లో పాలు పొంగించకుండా ఎవరు అడుగుపెడతారు? ఒకటో తరగతి గది ఈశాన్యం మూల మూడు ఇటుకలు పెట్టారు. తల్లుల సంఘానికి పెద్ద సూరాడ దానమ్మ. మొగుడు పడవ మీద చేపల వేటకు వెళ్తాడు, తను ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె తన కొత్త ఇత్తడి గిన్నె తెచ్చి పాలు పోసింది. పక్కన ఆమె కూతురు కుందన, ఆ ఏడే ఒకటో తరగతిలో చేరబోయేది, పొయ్యిలోకి ఊదుతానని మారాం చేసింది. పొగకు అందరి కళ్ళూ నీళ్ళు కారుతుంటే కిరీటి తనే వంగి కొబ్బరి మట్ట ముక్కను పొయ్యిలోకి ఎగదోశాడు. పాలు బుసబుసమని పొంగి ఇటుకల మీదుగా నేలమీదికి, గోడవారకు పారాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

"తూర్పుకే పొంగినాయి! ఇంక మన బడికి తిరుగు లేదు," అంది దానమ్మ.

తిరుగు లేకపోయింది. ఆ బడి ఫోటోలు చూసి మిగతా ఊళ్ళు అడిగాయి. వానాకాలం వచ్చేలోగా తీరం పొడుగునా ప్రతి ఊళ్ళోనూ ఒక్క రోజు బడి లేచింది. ప్రతి బడిలోనూ పాలు పొంగాయి.

*

ఒకటో తరగతి పిల్లలు నిద్రమొహాలైపోయారని ముందు గమనించినది పై తరగతుల మాస్టారు. ఆయన పిల్లలు బెంచీల మీద కూర్చుంటారు, చురుగ్గానే ఉంటారు. హైమవతి పిల్లలు నేలమీద చాప పరుచుకుని కూర్చుంటారు. పొద్దున్న కోతుల్లా వచ్చి, వాన పట్టి కిటికీలు మూసేసరికి పలకల మీద తలలు వాల్చేస్తారు.

"మధ్యాహ్నం పప్పన్నం ఎక్కువైందండీ మీ వాళ్ళకి," అన్నాడాయన.

"తిననీండి. ఇంటి దగ్గర ఏటుందని తింటారు?" అంది హైమవతి. నిద్రొచ్చే పిల్లను కొట్టి లేపడమంత పాపం ఇంకోటి లేదని ఆవిడ నమ్మకం. వేటకు వెళ్ళే ఇళ్ళలో తెల్లవారుజామున అందరితోపాటు పిల్లలూ లేస్తారు. పాపం, నిద్ర చాలదు. అందుకే తూగే పిల్లను చాప మీద పడుకోబెట్టి, తన చీర కొంగుతో ఈగలు తోలుతూ పాఠం చెప్పేది. ఊళ్ళో తల్లులకు ఆ టీచరంటే అందుకే ప్రాణం.

కుందన గట్టి పిల్ల. ఎక్కాలు అందరికంటే పెద్దగొంతుతో చెప్పేది. ఆ రోజు ముసురు. పొద్దున్నుంచీ తలనొప్పి అంటోంది. "పడుకో తల్లీ, లేచాక తగ్గిపోద్ది," అని హైమవతి దాన్ని జల్లు పడని మూలకు తీసుకెళ్ళి పడుకోబెట్టింది. తల కింద తన శాలువా మడతపెట్టింది. పిల్ల ఒత్తిగిలి గోడవైపు తిరిగి పడుకుంది. మిగతా పిల్లలు వల్లె వేస్తున్నారు. వాళ్ళ గొంతులు నెమ్మదిగా తగ్గుతుంటే వాన చప్పుడు వల్ల అనుకుంది హైమవతి.

అన్నం గంట కొట్టాక లేపితే కుందన లేవలేదు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు చూసి, చాలాసేపైంది అన్నాడు. ఎందుకు అంటే చెప్పలేకపోయాడు. జ్వరం తలకెక్కిందేమో, ఫిట్సేమో అన్నాడు. విచారణకు వచ్చిన అధికారి మాత్రం చాలా స్పష్టంగా చెప్పాడు. ఒంట్లో బాగులేని పిల్లను టీచరు మూలన పడేసింది, మళ్ళీ వెళ్ళి చూడలేదు. హైమవతిని ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. బడికి తాళం వేశారు.

ఆవిడ ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. ఎవరడిగినా "నేనే పడుకోబెట్టాను" అంది. దానమ్మ ఇంటికి వెళ్తే వాకిట్లోనే ఆపేశారు. లోపలినుంచి దానమ్మ ఏడుపు వినిపిస్తోంది. "నిద్దరొచ్చినాదంటే ఇంటికి పంపీకూడదా? పిలిస్తే పరిగెట్టుకొచ్చీదాన్ని కదా!" అంటోంది. హైమవతి వెనక్కి వచ్చేసింది. అన్నం మానేసింది. ఊళ్ళో అంతకుముందు దండాలు పెట్టినవాళ్ళు ఆవిడ వస్తుంటే గుమ్మాల్లోంచి లోపలికి వెళ్ళిపోయేవారు.

*

కిరీటి వచ్చేసరికి అక్క గోడకు జారబడి కూర్చుని ఉంది. ఎన్నిసార్లు ఓదార్చినా వినలేదు. చివరికి తనే చెప్పింది.

"దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని లేపుతుంటే నాకూ కళ్ళు తిరిగిపోయాయిరా. లేచి నిలబడితే తేటపడ్డాను. ఏడుపు వల్ల అనుకున్నాను. అప్పుడైనా తెలుసుకోవలసింది, అది ఎంతసేపటినుంచి అలా ఉందో."

కిరీటి ఆమె మాట పూర్తిగా వినలేదు. "ఏమన్నావు? కూర్చుంటే తిరిగాయి, నిలబడితే తగ్గిందా?" అని రెట్టించి అడిగాడు. ఆమె తలూపింది. దేవుడి దగ్గరున్న దీపపు కుందె, అగ్గిపెట్టె పట్టుకుని, తాళం చెవి కోసం పై తరగతుల మాస్టారి ఇంటికి పరుగెత్తాడు.

ఒకటో తరగతి గది తెరవగానే పులిసిన పిండి వాసన వచ్చింది. గడప దాటి లోపల నిలబడ్డాడు. దీపం వెలిగించాడు. నడుము ఎత్తున నిలకడగా వెలిగింది. పాడుబడ్డ నూతిలో దిగేముందు దీపం దింపి చూసినట్టు, కుందెను నెమ్మదిగా కిందికి దించాడు. మోకాలి దగ్గర మంట పసుపు తగ్గి నీలమైంది. నేలకు ఆనేలోగా ఆరిపోయింది. బయటికి వచ్చి వెలిగించి మళ్ళీ దించాడు. మళ్ళీ ఆరింది.

పిల్లలు కూర్చునే ఎత్తు, పిల్లలు పడుకునే ఎత్తు. బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడ్, మామూలు గాలికంటే బరువైనది. వరద రాకుండా తను పెట్టించిన ఎత్తు గడప లోపలి గాలిని తొట్టెలో నీళ్ళలా పట్టి ఉంచింది. నిలబడి పాఠం చెప్పేవాళ్ళకు, బెంచీల మీద కూర్చున్నవాళ్ళకు ఏమీ తెలియదు.

ఊపిరి బిగబట్టి, కుందన పడుకున్న ఈశాన్యం మూలకు వెళ్ళి, చాకుతో అతుకును గీరాడు. రాయి కావలసింది మెత్తగా వచ్చింది, తడిగా, గోరువెచ్చగా. దాని ప్రాణం మేలుకుని ఉంది. ఊపిరి పీలుస్తోంది, వదులుతోంది, పలకల్లోని ఊకను కూడా తినడం మొదలుపెట్టింది. ఏం పెట్టి లేపారు దీన్ని? అనుకుంటూ బయటికి రాబోతుంటే మూలన నేలమీద నల్లటి మసి కనిపించింది. మూడు ఇటుకల గుర్తు. అప్పుడు మొత్తం అర్థమైంది. అల్లిక మేతకు వాడిన చక్కెర పాలలో ఉండే చక్కెరకు దగ్గరి చుట్టం. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. బడి నేలమీద పాలెవరు పోస్తారని ఆ పరీక్షే పెట్టలేదు. పాలు పొంగి గోడవారకు పారుతుంటే ఊళ్ళోవాళ్ళతోపాటు తనూ చప్పట్లు కొట్టాడు.

లాబ్ ఆవరణలో మూడేళ్ళుగా నిలబడ్డ నమూనా గది ఉంది. ఎండలో, వానలో, తుఫానులో కదలలేదు. దాన్ని చూపించే అందరికీ భరోసా ఇచ్చారు. కిరీటి తిరిగి వెళ్ళి, ఆ గది మూల అతుకులో ఒక గరిటెడు కాచిన పాలు పోశాడు. మర్నాటికి అతుకు ఉబ్బింది. గది మూసి దీపం దించితే, ఆ మూల దగ్గర మంట వణికింది. ఆ గదిలో ఎవరూ కాపురం పెట్టలేదు కనుక ఎవరూ పాలు పొంగించలేదు, అంతే తేడా.

*

డైరెక్టర్ రంగనాయకులు గారు చెడ్డవాడు కాదు. మొత్తం విన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కన్నాలు పెడదాం," అన్నాడు. "నేల మట్టాన, ప్రతి గదికీ. బరువైన గాలి బయటికి పోతుంది. గాలి వెలుతురు బాగుచేస్తున్నామని చెబుదాం. ఒక్కో ఊరూ చేసుకుంటూ పోతే ఈ వానలు వెళ్ళేసరికి అయిపోతుంది."

"ఈలోగా సార్?"

"ఈలోగా కిటికీలు తెరిచి ఉంచమని ఉత్తర్వు పంపిద్దాం. కిరీటీ, ఆలోచించు. నిజం చెప్పామనుకో, రేపటికి తీరం మొత్తం బళ్ళు మూతపడతాయి. పిల్లలు ఎక్కడికి పోతారు? రొయ్యల షెడ్లకు. నాకు తెలుసు ఆ ఊళ్ళు. ఒక్కసారి రొయ్యలు ఒలవడానికి వెళ్ళిన ఆడపిల్ల మళ్ళీ పలక పట్టదు. ఒక పిల్ల పోయింది, అది తీరని దుఃఖం. ఇన్ని వేలమంది చదువు కూడా దానితోపాటు పోవాలా?"

"మరి మా అక్క?"

రంగనాయకులు గారు తలదించుకున్నాడు. "ఆవిడకు ఇంకోచోట ఉద్యోగం వచ్చేలా చూస్తాను. నా మాట."

కిరీటి ఒప్పుకోలేదు. అలాగని కాదనీ అనలేదు. అతనికి అది న్యాయంగానే తోచింది, అదే అతన్ని బాధపెట్టింది. లెక్క వేస్తే ఒక వైపు ఒక మనిషి పేరు, ఇంకోవైపు తీరమంత చదువు. ఆ మనిషి మాత్రం తనను చంకన వేసుకుని పెంచిన అక్క.

అక్కకైనా చెప్పాలి అనుకుని ఇసకలపాలెం వెళ్ళాడు. వాన పడుతోంది. హైమవతి మొదట అర్థం చేసుకోలేదు. దీపం సంగతి చెప్పాక అతని రెండు చేతులూ పట్టుకుంది.

"అయితే... నేను కాదా?"

"నువ్వు కాదక్కా."

"నేను వెళ్ళి మళ్ళీ చూసినా?"

"చూడ్డానికి వంగితే నీకూ కళ్ళు తిరిగేవి. అంతే."

ఆమె ఏడ్చింది. కుందన పోయాక మొదటిసారి పెద్దగా, సిగ్గులేకుండా, పొరుగువాళ్ళకు వినపడేలా ఏడ్చింది. తరువాత లేచి మొహం కడుక్కుంది. నీళ్ళచారు పోసుకుని అన్నం తింది. తింటూ తింటూ మిగతా కథ విన్నది. కన్నాల మాట వచ్చేసరికి ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"నా పేరు సంగతి అలా ఉంచు. దానమ్మకి చెప్పావా?"

"చెబుతాను. ఆమెకొక్కదానికి. ఎవరికీ చెప్పొద్దని..."

"ఏటి, కన్నబిడ్డ ఎలా పోయిందో చెప్పి, నోరు మూసుకోమంటావా? లే. పద." చెయ్యి కడుక్కుని గొడుగు తీసింది. గుమ్మం దాటాక ఏదో తట్టి ఆగిపోయింది. "ఒరేయ్ కిరీటీ. ఆ పాలు పొంగించినది దానమ్మేరా."

అతనికి తెలుసు. దారి పొడుగునా దాని గురించే ఆలోచిస్తూ వచ్చాడు.

"ఆ మాట మాత్రం చెప్పకు," అంది హైమవతి. "పొడిలో లోపం అని చెప్పు. నన్ను తిట్టినా పరవాలేదు. ఆ మాట మాత్రం దాని చెవిన పడకూడదు."

*

దానమ్మ పాకలో ఎండుచేపల బుట్టలకు టార్పాలిన్ కప్పుతోంది. చిన్న కూతురు లోహిత అమ్మ చీర పట్టుకుని తిరుగుతోంది. హైమవతిని చూడగానే దానమ్మ మొహం తిప్పేసుకుంది. ఈసారి పొమ్మని మాత్రం అనలేదు.

కిరీటి బుట్ట పక్కన గొంతుక్కూర్చుని చెప్పాడు. నూతిలో చెడుగాలి సంగతి ఆమెకు తెలుసు, చిన్నప్పుడు వాళ్ళ మామ అలాగే పోయాడు. గోడల్లో తను పెట్టిన ప్రాణం లేచి ఆ గాలి వదిలిందని, అది నేలమీద నిలిచిందని చెప్పాడు. "తప్పు నాదమ్మా. మా అక్కది కాదు. నేను సరిగా పరీక్షించలేదు," అన్నాడు.

దానమ్మ చేతిలోని టార్పాలిన్ వదిలేసింది. హైమవతి వైపు ఒకసారి చూసింది. తరువాత అడిగింది.

"మరి గోడలో ఆ ప్రాణం పడుకున్నాదన్నారు కదా బాబూ? ఎందుకు లేసినాది?"

హైమవతి తమ్ముడి భుజం గట్టిగా నొక్కింది.

"మేత దొరికింది," అన్నాడు కిరీటి.

"ఒక్క మా బళ్ళోనేనా? అన్నిట్లోనూ లేసినాదా?"

"అన్నిట్లోనూ లేచి ఉంటుంది. పాలు పొంగించిన ప్రతి..." అని, నాలుక కరుచుకున్నాడు. ఆలస్యమైంది.

లోహిత బుట్టలోంచి ఒక చేప తీసి ఆడుకుంటోంది. దానమ్మ దాని చేతిలోంచి చేప తీసి బుట్టలో పెట్టింది.

"నానే పొంగించినాను," అంది.

"దానమ్మా, పొయ్యిలోకి మట్ట ఎగదోసింది నేను. పాలు పొయ్యకూడదని చెప్పవలసింది నేను. నాకు తట్టలేదు. నీకెలా తెలుస్తుంది?"

ఆమె అతని మాట విన్నట్టు లేదు. "పక్కూరు కొత్తదిబ్బోలకి కూడా బళ్ళో పొంగించడానికి నా గిన్నే ఇచ్చినాను," అంది నెమ్మదిగా. "మా సెల్లెలి గుంటలు ఆ బళ్ళోనే సదువుతన్నారు. ఇప్పుడు బడి టయిమే కదా?"

"అవును."

"వాన పడతన్నాది. కిటికీలు మూసీసుంటారు."

"తెరిచి ఉంచమని ఉత్తర్వు పంపుతామన్నారు. కన్నాలు కూడా పెడతారు. వానలు వెళ్ళేలోగా..."

దానమ్మ లేచి నిలబడింది. పోయిన కూతురి కోసం ఏడ్చి ఏడ్చి పూడిపోయిన గొంతుతో అరిచింది.

"మరేటి ఇంకా కూకున్నావు బాబూ!"

అప్పటికి గాని కిరీటికి తెలియలేదు, తను ఇన్నాళ్ళూ కూర్చునే ఉన్నానని. ముగ్గురూ, పిల్లతో సహా, ఆటో ఎక్కారు. గుంతల రోడ్డు మీద ఆటో ఎగిరిపడుతుంటే హైమవతి తన ఫోన్ తీసింది. జిల్లా టీచర్ల గ్రూపులోంచి ఆవిడను ఇంకా ఎవరూ తీసెయ్యలేదు. బటన్ నొక్కి మాట్లాడింది.

"నేను ఇసకలపాలెం హైమవతిని. పిల్లను పడుకోబెట్టిన టీచర్ని. ఒక్క రోజు బళ్ళలో ఉన్నవాళ్ళందరూ వినండి. నేలమీద చెడుగాలి ఉంది. ఇప్పుడే పిల్లల్ని లేపండి. తడిసినా పరవాలేదు, బయటికి తీసుకురండి. నమ్మకపోతే దీపం వెలిగించి నేలకు దించి చూడండి."

ఫోన్ కిరీటి చేతికిచ్చింది. అతను తన పేరు చెప్పాడు, లాబ్ పేరు చెప్పాడు, అల్లిక తను చేసిందని చెప్పాడు. పాల సంగతి కూడా చెప్పాడు. చెప్పకపోతే కుదరదు, రేపు ఎవరైనా మళ్ళీ పొంగిస్తారు. ఆ మాట చెబుతున్నప్పుడు దానమ్మ బయటికి, వాన వైపు చూస్తూ కూర్చుంది.

కొత్తదిబ్బ బడిలో పిల్లల గొంతులు వినపడలేదు. కిటికీలు మూసి ఉన్నాయి. తలుపు తోస్తే టీచరమ్మ బోర్డు మీద రాస్తూ వెనక్కి తిరిగింది, ఏమైందని. ఆమెకేమీ కాలేదు. చాప మీద పిల్లలు కొందరు పలకల మీద వాలిపోయి ఉన్నారు. దానమ్మ అందరికంటే ముందు లోపలికి వెళ్ళింది. చెల్లెలి పిల్లల కోసం వెతకలేదు. చేతికందిన పిల్లను అందినట్టు ఎత్తి, గడప అవతల వానలోకి అందించింది. హైమవతి అందుకుంది. ఆ టీచరమ్మ, కిరీటి కూడా మోశారు. వానలో ఒక పిల్లాడు వాంతి చేసుకున్నాడు. ఒక పిల్ల ఎంతకీ కళ్ళు తెరవకపోతే దానమ్మ దాని చెంపల మీద కొట్టి కొట్టి పిలిచింది. చివరికి ఆ పిల్ల కెవ్వుమంది. ఎవరూ పోలేదు.

దానమ్మ బురదలో కూలబడిపోయింది. ఏడుస్తున్న ఆ పరాయి పిల్లను వదలలేదు.

*

ఒక్క రోజు బళ్ళు ఒక్క రోజులోనే దిగిపోయాయి. సున్నపు తేట పోస్తే అల్లిక చస్తుంది, చస్తే అతుకు ఊడుతుంది. తీరం పొడుగునా కిరీటి దగ్గరుండి తన బళ్ళను తనే విప్పించాడు. కొన్ని ఊళ్ళలో అతని మీద ఇసుక చల్లారు. కొన్ని ఊళ్ళలో కాళ్ళు పట్టుకున్నారు, కన్నాలు పెట్టి ఉంచండి బాబూ, బడి తీసెయ్యకండని. రంగనాయకులు గారు చెప్పినట్టే జరిగింది. పొద్దున్నే రొయ్యల షెడ్ల ఆటోల్లో బడి యూనిఫాం వేసుకున్న ఆడపిల్లలు కనిపించేవారు, ఎందుకంటే వాళ్ళకు మంచి బట్టలు అవే. ఆ ఆటోలు ఎదురైనప్పుడల్లా కిరీటి రోడ్డు దిగి నిలబడేవాడు. తను చేసినది తప్పని అనిపించేది కాదు. తప్పు కాదని కూడా అనిపించేది కాదు. లాబ్ అతన్ని విచారణ దాకా ఇంట్లో ఉండమంది.

హైమవతి ఉద్యోగం హైమవతికి వచ్చింది. గుమ్మాల్లోంచి లోపలికి పోయినవాళ్ళు ఇప్పుడు ఆవిడ వాకిట్లో చేపలు పెట్టి వెళ్ళేవారు. క్షమించమని నోటితో చెప్పడం వాళ్ళకు చేతకాదు. బడి మళ్ళీ వలల పాకలోకి వచ్చింది. నాలుగు వైపులా గాలే. ఆవిడ పాఠం చెప్పే తీరు మాత్రం మారిపోయింది. ఏ పిల్ల కళ్ళు మూతపడినా పరుగున వెళ్ళేది. లేపి నిలబెట్టేది, మొహం మీద నీళ్ళు కొట్టేది, పాక చుట్టూ పరుగెత్తించేది. ఒకసారి ఒక పిల్లను లెంపకాయ కూడా కొట్టి, తరువాత తనే కూర్చుని ఏడ్చింది. పిల్లలు ఆవిడకు భయపడడం మొదలుపెట్టారు.

దానమ్మ హైమవతి దగ్గరికి రాలేదు. తన పని తను చేసుకునేది. ఆమె తప్పు లేదని ఊరంతా చెప్పింది, ఆమె విని తలూపేది. ఆ ఇంట్లో మాత్రం పొయ్యి మీద పాలు పెట్టడం మానేసింది. వచ్చినవాళ్ళకు నల్ల టీ ఇచ్చేది. పాలేవని ఎవరూ అడగలేదు.

వానలు వెనకపట్టాక ఒక పొద్దున్న ఆమె లోహిత చెయ్యి పట్టుకుని పాక దగ్గరికి వచ్చింది. పిల్లకు తలకు నూనె రాసి, రెండు జడలు వేసి ఉంది. కిరీటి ఆ రోజు అక్క దగ్గరే ఉన్నాడు, పాకకు తడికె కడుతున్నాడు. దానమ్మ అతని వైపు చూసి తలూపింది. హైమవతి ముందు నిలబడింది.

"దీని పేరు బళ్ళో రాసుకో టీచరమ్మా," అంది దానమ్మ.

హైమవతి పిల్లను దగ్గరికి తీసుకుంది. "జాగ్రత్తగా చూసుకుంటాను. కన్ను మూయనివ్వను దానమ్మా. ఒక్క క్షణం కూడా..."

"అలగ కాదు," అంది దానమ్మ. "గుంటలు సెప్తన్నారు, నిద్దరొస్తే కొడతన్నావంట. వొద్దమ్మా. మా కుందన నీ కాడ పడుకోడమంటే ఎంతిష్టపడీదో, ఇంటికొచ్చి సెప్పీది. దీనికి నిద్దరొస్తే పడుకోబెట్టు."

ఆమె వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక లోహిత తూగింది. హైమవతి చాప పరిచి దాన్ని పడుకోబెట్టింది. పాఠం చెప్పడం ఆవిడ వల్ల కాలేదు. పక్కనే కూర్చుని పిల్ల గుండె మీద చెయ్యి వేసి, అది లేచేదాకా తీయలేదు. మిగతా పిల్లలు పెద్దగా ఎక్కాలు చదువుతూనే ఉన్నారు.